ఒకే ఆపరేషన్, మూడు రేట్లు: ఆసుపత్రి లెక్క ఎవరు వేస్తారు?

రెండోఅభిప్రాయం | సోమవారం, ఉదయం 9:10

నాన్నకు మోకాలి మార్పిడి చేయించాలి. మూడు ఆసుపత్రులు తిరిగాం. మొదటివాళ్లు ఒకే అంకె చెప్పి "ప్యాకేజీ" అన్నారు. రెండోచోట రెండు పేజీల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. గది, థియేటరు, మత్తు డాక్టరు, ఇంప్లాంట్, గ్లౌజులు, ఆఖరికి దూదితో సహా అన్నీ విడివిడిగా ఉన్నాయి. మూడోచోట "ఇన్సూరెన్సా, క్యాషా?" అని అడిగి, మా జవాబు విన్నాక రేటు చెప్పారు. మొదటి అంకెకూ చివరి అంకెకూ దాదాపు రెండింతల తేడా ఉంది. మోకాలు అదే, మనిషీ ఆయనే. ఇంప్లాంట్ కంపెనీ కూడా ఒకటేనని కనుక్కున్నాను.

ఎక్కడ చౌక అని నేను అడగడం లేదు. అసలు ఈ రేటు ఎవరు వేస్తారు, ఏ లెక్కతో వేస్తారు? లోపల పనిచేసినవాళ్లు ఉంటే చెప్పండి. "అంతా దోపిడీ" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, ఆ మాట మా బావ ఇప్పటికే చెప్పాడు.

ఎదురుప్రశ్న | సోమవారం, ఉదయం 9:31

మీ బావ చెప్పింది తప్పని ఎవరన్నారు?

పాత_లెడ్జర్ | సోమవారం, ఉదయం 11:25

ముప్పై ఏళ్లు ఆసుపత్రి అకౌంట్స్‌లో చేసి బయటపడ్డవాణ్ణి. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

"మోకాలి ఆపరేషన్‌కు మీకు నిజంగా ఎంత ఖర్చవుతుంది?" అని ఏ ఆసుపత్రినైనా అడగండి. నిజాయితీ ఉన్న అకౌంటెంటైతే "ఎలా లెక్కపెట్టమంటారు?" అని మిమ్మల్నే అడుగుతాడు. ఆసుపత్రి ఖర్చులో ఎక్కువ భాగం రోగి వచ్చినా రాకపోయినా అయ్యేదే. జీతాలు, భవనం, యంత్రాలు, రాత్రంతా తెరిచి ఉంచే ల్యాబు. షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రి 1993 నాటి లెక్కలు విప్పి చూస్తే ఖర్చులో 84 శాతం ఇలాంటి స్థిరమైన ఖర్చేనని తేలింది. రోగి రాకపోతే ఆదా అయ్యేది, అంటే మందులూ సామాన్ల వంటిది, 16 శాతమే.

ఈ స్థిరమైన ఖర్చును ఎవరో ఒకరి బిల్లులో వెయ్యాలి కదా. లాండ్రీ ఖర్చును బట్టల బరువు ప్రకారం వార్డులకు పంచుతాం. ఊడ్చి తుడిచే ఖర్చు చదరపు అడుగుల లెక్కన, మా ఆఫీసు ఖర్చు సిబ్బంది తలల లెక్కన. అలా మెట్టు మెట్టు దించుకుంటూ పోతే చివరికి థియేటరు గంటకు ఇంత, ఐసీయూ పడక రోజుకు ఇంత అని ఒక అంకె వస్తుంది. ఒక ఏడాది మా పెద్దాయన ఆఫీసు ఖర్చును తలల లెక్కన కాదు, ఆదాయం లెక్కన పంచమన్నాడు. ఒక్క రోజులో కాన్పు "చౌక" అయింది, గుండె ఆపరేషన్ "ఖరీదు" అయింది. థియేటర్లో ఒక్క కత్తెర కూడా పక్కకు జరగలేదు.

కాబట్టి ఖర్చు అంటే మా దగ్గర తూకం కాదు, పంపకం. ఆ పంపకం మీద కట్టిన ఇంకో అంతస్తు రేటు. డబ్బు కట్టేది ఎవరు, వాళ్లకు బేరమాడే బలం ఎంత అన్నది అక్కడ లోపలికొస్తుంది.

ఇక మీ మూడు ఆసుపత్రులు. మొదటిది గండం తాను మోస్తానంటోంది. నాన్నగారు రెండు రోజులు ఎక్కువ పడుకుంటే నష్టం వాళ్లది (కాగితం చివర చిన్న అక్షరాల్లో ఆ గండాన్ని తిరిగి మీ నెత్తినే పెట్టి ఉండొచ్చు, చదవండి). రెండోది మీటరు వేసింది. మూడోది మీ వెనకాల ఎవరున్నారో చూసి చెప్పింది.

రెండోఅభిప్రాయం | సోమవారం, ఉదయం 11:52

లెడ్జర్ గారూ, దండం. కానీ ఒక డౌటు. ప్యాకేజీ ఇచ్చేవాడు గండం మోస్తే నాకు లాభమేగా? మరి అందరూ ప్యాకేజీయే ఎందుకు ఇవ్వరు?

సర్వేకాగితం | సోమవారం, మధ్యాహ్నం 1:40

ప్రజారోగ్యం చదువుతున్నాను, థీసిస్ కూడా దీని మీదే. అందుకని కొంచెం చరిత్ర.

1929లో అమెరికాలోని డల్లాస్‌లో బేలర్ ఆసుపత్రి రాని బిల్లులతో సతమతమవుతూ స్కూలు టీచర్లతో ఒక ఒప్పందం చేసుకుంది. నెలకు 50 సెంట్లు కట్టండి, జబ్బు చేస్తే ఏడాదిలో 21 రోజుల దాకా మేం చూస్తాం అని. ఆ దేశంలో ఆసుపత్రి బీమా అక్కణ్ణుంచే పెరిగింది. అందులో రోగి అవసరం ఎంత ఉందో, ఆసుపత్రికి నెలనెలా డబ్బు రావాలన్న అవసరమూ అంతే ఉంది.

తర్వాత 1965లో వృద్ధుల కోసం మెడికేర్ అనే ప్రభుత్వ బీమా వచ్చింది. ప్రభుత్వం ఆసుపత్రులతో "మీకు ఎంత ఖర్చయిందో చూపించండి, సబబైనది ఇచ్చేస్తాం" అంది. అయిన ఖర్చు వెనక్కి వస్తుందంటే ఖర్చు తగ్గించుకునే పిచ్చివాడెవడు? ఖర్చులు ఏటికేడు ఎగబాకాయి.

ఇంకోపక్క యేల్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఫెటర్, జాన్ థాంప్సన్ అని ఇద్దరు ఉండేవారు. ఫెటర్ ఫ్యాక్టరీల ఉత్పత్తి లెక్కలు తెలిసినవాడు. థాంప్సన్ నర్సుగా మొదలైనవాడు. ఫ్యాక్టరీ తను ఏం తయారుచేస్తుందో చెప్పగలదు, మరి ఆసుపత్రి "సరుకు" ఏమిటి అన్నది వాళ్ల ప్రశ్న. జబ్బు, ఆపరేషన్, వయసు, పక్కన ఉన్న ఇతర జబ్బులు చూసి, ఒకే తీరు వనరులు వాడుకునే రోగులను గుంపులు కట్టారు. అవే డీఆర్‌జీలు. మొదట్లో డబ్బు ఆలోచనే లేదు. ఒకేలాంటి రోగి ఒక ఆసుపత్రిలో ఐదు రోజులు, ఇంకోచోట పది రోజులు ఎందుకుంటున్నాడో కనిపెట్టడానికి చేశారు. 1980లో న్యూజెర్సీ రాష్ట్రం ఆ గుంపులతోనే డబ్బు కట్టడం మొదలుపెట్టింది. 1983 అక్టోబరు 1 నుంచి మెడికేర్ కూడా అదే బాట పట్టింది. అప్పటికి గుంపులు సుమారు 470, ఇప్పుడు 700 పైన. మీ మొదటి ఆసుపత్రి చెప్పిన "ప్యాకేజీ" ఆ వంశంలోదే.

అందరూ ఎందుకివ్వరు అన్నారు. చిన్న ఆసుపత్రికి ఏడాదికి పది మోకాళ్లే వస్తే, అందులో ఒక్కటి తేడా కొడితే ఆ ఏడాది లాభమంతా గోవిందా. వెయ్యి మోకాళ్లు చేసేవాడికి సగటు పనిచేస్తుంది. గండం మోయడానికి సంఖ్య కావాలి.

కోడ్‌బుక్ | సోమవారం, మధ్యాహ్నం 3:05

ఎట్టకేలకు మా పని గురించి ఒక చర్చ! మెడికల్ కోడర్‌ని, అంటే కేస్ షీట్ చదివి జబ్బులకూ ఆపరేషన్లకూ కోడ్లు వేసేదాన్నే పనిగా తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను.

ప్యాకేజీ లెక్క పైకి చాలా సులువు. ప్రతి గుంపుకూ ఒక బరువు ఉంటుంది. సగటు రోగి బరువు 1 అనుకోండి. మామూలు న్యుమోనియా 1 కంటే తక్కువ, గుండె మార్పిడి దానికి ఎన్నో రెట్లు. ఆ బరువును ఆసుపత్రి మూల రేటుతో గుణిస్తే వచ్చేదే చెల్లింపు. మూల రేటులో ఆ ప్రాంతపు జీతాల స్థాయి, బోధనాసుపత్రా కాదా, పేద రోగులు ఎంతమంది వస్తారు అన్నవన్నీ కలుస్తాయి. ఖర్చు మరీ హద్దు దాటిన రోగికి అదనంగా కొంత కడతారు.

అసలు కథ రోగి ఏ గుంపులో పడతాడన్న దగ్గర మొదలవుతుంది. అది డాక్టరు రాసిన మాటను బట్టి ఉంటుంది, రోగి నిజంగా ఎలా ఉన్నాడన్నది మాకు కనిపించదు. ఒక ఉదాహరణ. డాక్టరు కేస్ షీట్‌లో "యూరోసెప్సిస్" అని రాస్తాడు. అమెరికాలో వాడే జబ్బుల కోడ్ల పుస్తకం ఐసీడీ-10లో ఆ మాటకు కోడే లేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ మాత్రమేనా, అది రక్తంలోకి పాకి సెప్సిస్ అయిందా అని నేను డాక్టరుకు క్వెరీ పంపాలి. ఆయన "సెప్సిస్" అంటే బరువు ఎక్కువ గుంపు, "మామూలు ఇన్ఫెక్షన్" అంటే తక్కువది. పడక మీద ఉన్న మనిషికి ఈలోగా ఏ మార్పూ లేదు. డాక్టరు ఓపీ మధ్యలో ఫోన్లో నుంచే ఒక టిక్కు పెడతాడు.

ఎదురుప్రశ్న | సోమవారం, మధ్యాహ్నం 3:20

అంటే ఆ టిక్కు పెట్టించుకోవడమే మీ ఉద్యోగం. దీన్ని మా వీధిలో మోసం అంటారు.

కోడ్‌బుక్ | సోమవారం, మధ్యాహ్నం 3:48

ఉన్న జబ్బును సరిగ్గా రాయించడం మా ఉద్యోగం. లేనిదాన్ని రాయించడం నేరం. గీత స్పష్టంగానే ఉంటుంది, నడిచేవాళ్లందరూ దాని మీదే నడుస్తారు, అదే చిక్కు.

మీరు కోప్పడినా పర్లేదు, ఇంకో సంగతి కూడా చెప్తాను. మెడికేర్ మారకముందే, 1981లోనే, డొనాల్డ్ సింబోర్గ్ అనే ఆయన "డీఆర్‌జీ క్రీప్" అని పేరు పెట్టి హెచ్చరించాడు. రోగులు మారరు, కాగితాల మీద మాత్రం జబ్బులు మెల్లగా ముదురుతాయి అని. జర్మనీ 2003, 2004ల్లో ఈ పద్ధతిలోకి వచ్చాక నెలలు నిండని పిల్లల పుట్టినప్పటి బరువులు చూశారు. బరువు ఒక హద్దుకు దిగువన ఉంటే చెల్లింపు ఎక్కువ. ఆ హద్దులకు కొద్ది గ్రాములు తక్కువగా నమోదైన పిల్లలు చిత్రంగా ఎక్కువయ్యారు, కొద్ది గ్రాములు ఎక్కువున్నవాళ్లు తగ్గారు. పిల్లలు హద్దు చూసుకుని పుట్టరు కదండీ.

అలాగని ప్రతి కోడరూ దొంగ కాదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటున్నాను అనుకోకండి.

నైట్‌డ్యూటీ | సోమవారం, రాత్రి 10:15

డ్యూటీ ఎక్కేముందు రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. నర్సుని, ఐసీయూ.

మీటరు పద్ధతిలో రోగిని కదలనివ్వరు, ప్యాకేజీ పద్ధతిలో రోగిని నిలవనివ్వరు. ఇది నా కళ్లతో చూసింది. మునుపు పనిచేసిన చోట రోజు లెక్కన బిల్లు. శనివారం డిశ్చార్జికి సిద్ధంగా ఉన్నవాళ్లు సోమవారం దాకా ఉండేవాళ్లు, "డాక్టరుగారు చూడాలి" అని. తర్వాత చేరిన చోట ప్యాకేజీ. అక్కడ రోజూ పొద్దున్నే ఒకతను లిస్టు పట్టుకుని వచ్చేవాడు, ఎవరు ఎన్ని రోజులు దాటారు అని. ఒక పెద్దావిడను జ్వరం తగ్గిన మర్నాడే పంపేశాం. నాలుగో రోజుకు మళ్లీ వచ్చింది. కొత్త అడ్మిషన్, కొత్త ప్యాకేజీ. ఆమె కొడుకు నన్నే నిలదీశాడు, ఆ లిస్టు పట్టుకున్నతన్ని కాదు.

వెంటిలేటర్ సంగతి చెప్తే నమ్మరు. అమెరికా లెక్కలో శ్వాస జబ్బుతో చేరి వెంటిలేటర్ మీద 96 గంటలు దాటితే ఒక గుంపు, దాటకపోతే ఇంకో గుంపు. రెంటికీ చెల్లింపులో చాలా తేడా. మనిషి ఊపిరితిత్తులకు 96 అంటే ఏమిటో తెలియదు.

ఇంకొకటి. రెండోఅభిప్రాయం గారూ, ఆ రెండు పేజీల ఎస్టిమేట్‌లో దూది ఉందన్నారు కదా. నర్సు ఉందా? ఉండదు. సిరంజికి ఒక లైను ఉంటుంది, మూడు రాత్రులు ఆ సిరంజి పట్టుకున్న మనిషికి లైను ఉండదు. మేం "గది అద్దె"లో కలిసిపోతాం, పరుపూ ఫ్యానుతో పాటు.

పాత_లెడ్జర్ | సోమవారం, రాత్రి 10:50

నైట్‌డ్యూటీ అమ్మా, ఆ చివరి మాట మా అకౌంటెంట్ల నెత్తిన మొట్టికాయ. అక్షరాలా నిజం. బిల్లులో లైను లేనిదాన్ని తగ్గించడం చాలా తేలిక, ఎందుకంటే ఆదాయంలో ఏమీ తగ్గదు. సిరంజి తగ్గిస్తే ఆదాయం పోతుంది, నర్సును తగ్గిస్తే ఖర్చు పోతుంది. జర్మనీలో సరిగ్గా ఇదే జరిగింది. ప్యాకేజీలో నర్సింగ్ కూడా కలిసి ఉండేసరికి ఆసుపత్రులు అక్కడే కోత పెట్టాయి. చివరికి 2020 నుంచి పడకల దగ్గర పనిచేసే నర్సుల ఖర్చును ప్యాకేజీలోంచి బయటికి తీసి, అసలు ఖర్చు ప్రకారం విడిగా ఇవ్వడం మొదలుపెట్టారు. అంటే ఆ ఒక్క ముక్క వరకు 1965 నాటి మెడికేర్ తరహా పద్ధతికే వెళ్లారన్నమాట.

సర్వేకాగితం | సోమవారం, రాత్రి 11:20

మళ్లీ వచ్చిన రోగికి మళ్లీ ప్యాకేజీ అన్న చిల్లును మెడికేర్ తర్వాత కొంత పూడ్చింది. గుండె వైఫల్యం, న్యుమోనియా లాంటి జబ్బుల్లో 30 రోజుల్లోపు తిరిగి చేరేవాళ్లు మరీ ఎక్కువైతే 2012 అక్టోబరు నుంచి ఆసుపత్రికిచ్చే డబ్బులో కోత పెడుతున్నారు. మొదట 1 శాతం, తర్వాత 3 శాతం దాకా. అంతకుముందే, 2008 నుంచి, ఒంట్లో గుడ్డ మర్చిపోవడం, ఆసుపత్రిలోనే పుట్టిన పడకపుండు లాంటివాటికి అదనపు డబ్బు ఇవ్వడం మానేశారు. దానికి ముందు? ఆసుపత్రి చేసిన పొరపాటుకు ఆసుపత్రికే ఎక్కువ డబ్బు వచ్చేది.

కత్తి_కుట్టు | మంగళవారం, ఉదయం 7:05

ఎముకల సర్జన్ని. థియేటర్‌కు వెళ్లేముందు చదివాను, ఊరుకోలేకపోతున్నాను.

ప్యాకేజీని అందరూ ఆడిపోసుకుంటున్నారు. మీటరు చేసేదేమైనా తక్కువా? మెడికేర్‌లో డయాలసిస్ రోగులకు రక్తం పెంచే ఇంజక్షన్, ఈపీఓ, ఒకప్పుడు విడి బిల్లు. ఎంత పొడిస్తే అంత. 2011 జనవరి నుంచి దాన్ని డయాలసిస్ ప్యాకేజీలోనే కలిపేశారు. వాడకం గబగబా పడిపోయింది. మరి అంతకుముందు ఆ డోసులన్నీ రోగి కోసమా, బిల్లు కోసమా? సొంత వృత్తి మీద ఇలా రాయడం నాకేం సరదా కాదు.

సరిగ్గా కడితే మంచి కూడా జరుగుతుంది. ఇంగ్లాండులో 2010లో తుంటి ఎముక విరిగిన వృద్ధుల విషయంలో ఒక పని చేశారు. 36 గంటల్లోపు ఆపరేషన్, వృద్ధుల వైద్యుడు కూడా కలిసి చూడటం లాంటి షరతులన్నీ తీరిస్తేనే ఆ రోగికి అదనపు మొత్తం. మాలాంటివాళ్లం ఏళ్ల తరబడి మీటింగుల్లో మొత్తుకున్నా దొరకని థియేటర్ స్లాట్లు, మొత్తుకునేవాడు అకౌంటెంట్ అయ్యేసరికి దొరికాయి.

ఇక డాక్టరు ఫీజు. అది వేరే లోకం. హార్వర్డ్‌లో విలియం షియావో బృందం 1988లో ఒక కొలత ప్రకటించింది. ఏ పనికి ఎంత సమయం, ఎంత నేర్పు, ఎంత మనసు పెట్టాలి, ఎంత టెన్షన్ అని డాక్టర్లనే అడిగి పాయింట్లు కట్టారు. 1992 నుంచి మెడికేర్ వాటితోనే ఫీజులు ఇస్తోంది. ఉద్దేశం మంచిదే, కోసేవాడికీ కూర్చోబెట్టి మాట్లాడేవాడికీ మధ్య తేడా తగ్గించాలని. కానీ పాయింట్లు ఒకసారి కడితే అంత తేలిగ్గా దిగవు. కంటి శుక్లం ఆపరేషన్ ఒకప్పుడు ఎంతసేపు పట్టేది, ఇప్పుడు ఎంతసేపు పడుతోంది? చెయ్యి తిరిగే కొద్దీ పని పొట్టిదవుతుంది, పాయింట్లు మాత్రం తాపీగా కదులుతాయి. వాటిని సవరించమని సిఫారసు చేసే కమిటీలో కూర్చునేది కూడా డాక్టర్లే, అందులోనూ స్పెషలిస్టులే ఎక్కువ. అరగంట కూర్చుని "ఈ ఆపరేషన్ మీకు అక్కర్లేదు, నడవండి చాలు" అని చెప్పినందుకు నాకు వచ్చేది, ఆపరేషన్ చేస్తే వచ్చేదాంట్లో ఏ మూలకీ రాదు.

సర్వేకాగితం | మంగళవారం, ఉదయం 8:30

డాక్టరుగారూ, ఈపీఓ విషయంలో చిన్న సవరణ. అదే ఏడాది జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఆ మందు ఎక్కువైతే పక్షవాతం, గుండెపోటు ముప్పు ఉందని గట్టిగా హెచ్చరించింది. వాడకం తగ్గడంలో డబ్బు వాటా ఎంత, హెచ్చరిక వాటా ఎంత అని విడదీయడం కష్టం.

కత్తి_కుట్టు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఒప్పుకుంటున్నాను. అయినా ముప్పు ఉందన్న సంగతి అంతకు కొన్నేళ్ల ముందు నుంచే పత్రికల్లో వస్తోంది. అప్పుడు తగ్గిన దానికంటే డబ్బు మారాక తగ్గింది ఎక్కువ అనిపిస్తుంది. నా అభిప్రాయం మాత్రమే.

ఎదురుప్రశ్న | మంగళవారం, మధ్యాహ్నం 2:45

మీటరు పెడితే ఎక్కువ చేస్తారు, ప్యాకేజీ పెడితే తొందరగా తరిమేస్తారు, మాట మారిస్తే గుంపు మారుతుంది. సరే. మరి ప్రభుత్వమే ఒక రేటు పెట్టి "అందరూ ఇంతే తీసుకోండి" అంటే సరిపోదా? ఈ మూడో ఆసుపత్రి "ఇన్సూరెన్సా, క్యాషా" అనే అడ్డగోలు ప్రశ్నే ఉండదు.

సర్వేకాగితం | మంగళవారం, సాయంత్రం 5:15

ఎదురుప్రశ్న గారు మొదటిసారి ప్రశ్న అడిగారు! అలా చేసిన చోట్లు ఉన్నాయి.

జపాన్‌లో ప్రతి చికిత్సకూ పాయింట్లు, ఒక పాయింటుకు 10 యెన్లు, బీమా ఏదైనా ఒకే రేటు. రెండేళ్లకోసారి అన్నీ కూర్చుని సవరిస్తారు. ఎవరైనా ఒక స్కాన్ మరీ ఎక్కువ తీస్తున్నారని తెలిస్తే తర్వాతి సవరణలో దాని పాయింట్లు కోస్తారు. పెద్ద ఆసుపత్రుల్లో 2003 నుంచి ఇంకో తిరకాసు పెట్టారు. రోజు లెక్కన ఇస్తారు గానీ, రోజులు గడిచేకొద్దీ ఆ రోజు రేటు మెట్లు మెట్లుగా తగ్గుతుంది. నైట్‌డ్యూటీ గారు చెప్పిన రెండు జబ్బులకూ సగం సగం మందు.

తైవాన్ ఇంకో అడుగు వేసింది. 2002 నుంచి ఆసుపత్రులన్నిటికీ కలిపి ఏడాదికి ఇంత అని ఒక మూట కడుతున్నారు. ఆసుపత్రులు పాయింట్లు పోగేసుకుంటాయి. చివరికి మూటను మొత్తం పాయింట్లతో భాగిస్తారు. అందరూ ఎగబడి పని పెంచితే ఒక్కో పాయింటు విలువ పడిపోతుంది. మీరు ఒక్కరే తగ్గించుకుంటే మీ వాటా పక్కవాడికి పోతుంది. కాబట్టి ఎవరూ తగ్గించుకోరు, అందరూ పరిగెత్తి ఉన్నచోటే ఉంటారు.

మీరు అడిగినదానికి అచ్చంగా సరిపోయేది అమెరికాలోనే మేరీల్యాండ్ రాష్ట్రం. 1971లో చట్టం చేసి రేట్ల కమిషన్ పెట్టారు. 1977 నుంచి మెడికేర్ కూడా ఆ కమిషన్ చెప్పిన రేటే ఇస్తోంది. ఒక ఆసుపత్రిలో ఒక పనికి ఎవరికైనా దాదాపు ఒకే రేటు. రేటు కట్టడైంది, కానీ సంఖ్య పెరిగింది. అందుకని 2014 నుంచి ఆసుపత్రికి ఏడాది ఆదాయమే ముందు ఖాయం చేస్తున్నారు. రోగులు తగ్గితే రేటు కాస్త పెంచుకుని ఆ ఆదాయానికి చేరాలి, రోగులు పెరిగితే రేటు తగ్గించాలి.

ఎదురుప్రశ్న | మంగళవారం, సాయంత్రం 5:40

రోగులు తగ్గితే రేటు పెంచుకుంటారా? కూరగాయల బండివాడు ఇలా చేస్తే తంతారు.

పాత_లెడ్జర్ | మంగళవారం, సాయంత్రం 6:30

కూరగాయల బండికి రాత్రి రెండింటికి గుండెపోటుతో ఎవరూ రారు కదండీ. ఫైర్ స్టేషన్‌కు మంటకు ఇంత అని కట్టం. మంటలు లేని నెల అయినా ఇంజను ఉండాలి. ఆసుపత్రిలో సగం పని అలాంటిదే, ఉండటమే పని. అందుకే మొదట 84 శాతం గురించి చెప్పింది. రోగికి ఇంత అని కట్టే పద్ధతిలో, రోగులు తక్కువగా వచ్చే చిన్న ఆసుపత్రి తన తప్పేమీ లేకుండానే మునుగుతుంది. జర్మనీ 2024లో చేసిన చట్టంలో సిద్ధంగా ఉన్నందుకే కొంత డబ్బు విడిగా ఇవ్వాలని పెట్టారు. కోవిడ్ వచ్చినప్పుడు ఇంగ్లాండు కూడా రోగి లెక్క పక్కనపెట్టి ఆసుపత్రులకు గంపగుత్తగా ఇచ్చింది. మామూలు ఆపరేషన్లు ఆగిపోయాయి మరి, లెక్కపెట్టడానికి ఏముంది?

ఇక "ఇన్సూరెన్సా, క్యాషా" సంగతి. మా రంగంలో ఒక పాత పాట ఉంది, "ప్రభుత్వం తక్కువ ఇస్తుంది, ఆ లోటు ప్రైవేటు వాళ్ల దగ్గర రాబడతాం" అని. ముప్పై ఏళ్లు నేనూ పాడాను. ఇప్పుడు అంత నమ్మకం లేదు. అమెరికాలో రాండ్ అనే పరిశోధనా సంస్థ తీసిన 2022 లెక్కలు చూస్తే, అదే పనికి మెడికేర్ 100 ఇస్తే ప్రైవేటు బీమాలు సగటున 254 ఇస్తున్నాయి. లోటు పూడ్చడానికే అయితే మెడికేర్ రోగులు ఎక్కువున్న ఆసుపత్రి ఎక్కువ వసూలు చేయాలి. మెడికేర్ రోగుల వాటాకూ ఈ రేట్లకూ అలాంటి బంధం పెద్దగా కనబడదు. ఆ ప్రాంతంలో ఇంకో ఆసుపత్రి లేనివాడు, తన పేరు లిస్టులో లేకపోతే ఆ బీమాయే అమ్ముడుపోదు అనిపించుకున్నవాడు ఎక్కువ లాగుతాడు. ఎంత రాబట్టగలిగితే అంత రాబట్టి, తర్వాత ఖర్చులు దానికి తగ్గట్టు పెంచుకుంటారు. కొత్త లాబీ, అద్దాల లిఫ్టు.

కోడ్‌బుక్ | మంగళవారం, సాయంత్రం 6:58

లిస్టు రేట్ల పుస్తకం గురించి మర్చిపోయారు లెడ్జర్ గారూ. అమెరికాలో చార్జ్‌మాస్టర్ అంటారు. వేల వేల లైన్లు. దాదాపు ఎవరూ ఆ రేటు కట్టరు, డిస్కౌంట్ ఇవ్వడానికి ఒక పై అంకె కావాలి కాబట్టి ఉంది. బీమా లేనివాడు వస్తే మాత్రం ఆ పై అంకె వాడి మీద పడొచ్చు. బేరం తెలియని వాడికే బోర్డు మీది రేటు. 2021 జనవరి నుంచి ఏ బీమాతో ఎంతకు ఒప్పుకున్నారో బయటపెట్టమని రూలు వచ్చింది. పెట్టారు, ఎలా? మామూలు కంప్యూటరు తెరవలేనంత పెద్ద ఫైళ్లలో.

నిర్వాహకుడు | మంగళవారం, రాత్రి 9:00

రెండు పోస్టులు తీసేశాను, వాటిలో ఆసుపత్రుల పేర్లు పెట్టి ఆరోపణలు చేశారు. మీ అనుభవం రాయండి, పేరు వద్దు.

రెండోఅభిప్రాయం | మంగళవారం, రాత్రి 9:35

రెండు రోజుల్లో మా బావ కంటే నేనే గట్టిగా అరిచే స్థితికి వచ్చాను. కానీ శుక్రవారంలోపు ఏదో ఒకటి తేల్చాలి. మొదటి ఆసుపత్రి ప్యాకేజీ వైపే మొగ్గుతున్నాను. వెళ్లి ఏం అడగాలి?

పాత_లెడ్జర్ | మంగళవారం, రాత్రి 9:58

ప్యాకేజీ ఎప్పుడు తెగుతుందో అడగండి. ప్రతి ప్యాకేజీకీ ఒక తెగే చోటు ఉంటుంది. ఎన్నో రోజు తర్వాత, లేదా ఐసీయూకు మారిస్తే, లేదా రక్తం ఎక్కిస్తే అది మీటరుగా మారిపోతుంది. ఆ చోటు కాగితం మీద చూపించమనండి. నోటి మాట వద్దు.

కత్తి_కుట్టు | మంగళవారం, రాత్రి 10:10

ఇంప్లాంట్ కంపెనీ పేరు చాలదు, మోడల్ పేరు కూడా రాయించుకోండి. ఒకే కంపెనీలో చాలా రకాలుంటాయి. ఫిజియోథెరపీ ప్యాకేజీలో ఉందా, ఉంటే ఎన్ని రోజులు? మోకాలు వంగేదీ వంగనిదీ థియేటర్లో సగం, ఆ తర్వాత సగం తేలుతుంది.

కోడ్‌బుక్ | మంగళవారం, రాత్రి 10:14

నాన్నగారికి షుగరు, బీపీ ఏమున్నా అడ్మిషన్‌కు ముందే కేస్ షీట్‌లో ఎక్కించమనండి. తర్వాత బయటపడితే "కాంప్లికేషన్" అనే పేరుతో ప్యాకేజీ బయటికి పోయే అవకాశం ఉంది.

నైట్‌డ్యూటీ | బుధవారం, ఉదయం 6:40

ఇప్పుడే డ్యూటీ దిగాను. ఒక్కటే చెప్తాను. డిశ్చార్జి అయ్యాక అదే మోకాలితో మళ్లీ చేరాల్సి వస్తే ఎన్ని రోజుల వరకు వాళ్ల బాధ్యత? అమెరికాలో గైసింగర్ అనే సంస్థ 2006లో గుండె బైపాస్‌కు 90 రోజుల పూచీ ఇచ్చింది, ఆలోగా ఆపరేషన్ వల్ల వచ్చిన తిప్పలకు మళ్లీ బిల్లు లేదని. కుదరదు అని ఎవరైనా అంటే కుదురుతుందని మీకు తెలిసుండాలి.

రెండోఅభిప్రాయం | గురువారం, మధ్యాహ్నం 1:20

వెళ్లొచ్చాను. ప్యాకేజీ ఐదో రోజు తర్వాత తెగుతుందట, ఐసీయూకు వెళ్తే వెంటనే. రాసిచ్చారు. ఇంప్లాంట్ మోడల్ రాశారు. ఫిజియో మూడు రోజులు. షుగరు ఉన్నట్టు కేస్ షీట్‌లో ఎక్కించారు.

మళ్లీ చేరితే బిల్లు ఎవరిది అని అడిగితే కౌంటర్లో అమ్మాయి "ఇలా ఎవరూ అడగలేదు సార్" అని లోపలికి ఫోన్ చేసింది. ఇంకొకతను వచ్చాడు, ఆయనకూ తెలీదు. చివరికి మేనేజరు వచ్చి, నా ముఖం చూసి, కాగితం అంచున పెన్నుతో "15 రోజులు" అని రాసి సంతకం పెట్టాడు. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగాను. నవ్వాడు.

నైట్‌డ్యూటీ | గురువారం, మధ్యాహ్నం 1:45

15 చాలదు. మోకాలి ఇన్ఫెక్షన్ మూడో వారంలో కూడా బయటపడుతుంది. 30 రాయించండి.

రెండోఅభిప్రాయం | గురువారం, మధ్యాహ్నం 1:52

సరే అక్కా. సాయంత్రం మళ్లీ వెళ్తున్నాను. ఈసారి మా బావను కూడా తీసుకెళ్తా.